నా పంటినొప్పి కార్తీకం దాకా ఆగలేదు

"పంటినొప్పికి కూడా ఆసుపత్రిలో చేరతారాండీ ఎవరైనా?" అని నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగంమంది అడిగారు. బత్తాయిలు తెచ్చి మంచం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని మరీ అడిగారు. అప్పటికి నా నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు కాబట్టి వాళ్ళు బతికిపోయారు. ఇప్పుడు తెరుచుకుంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సత్యవతి. మాది మండవల్లి దగ్గర ఓ చిన్న ఊరు. మాకు రెండు చేపల చెరువులున్నాయి. ఇంట్లో ఉండేది మా ఆయన, మా అత్తగారు, నేను. మా అమ్మాయి లావణ్య ఏలూరులో ఓ స్కూల్లో టీచరుగా చేస్తోంది, కాపురమూ అక్కడే.

చేపల చెరువులున్న ఇళ్ళల్లో అన్నిటికీ ఒకటే గడువు. దాని పేరు పట్టుబడి. అంటే చెరువులో వేసిన చేపపిల్ల పెరిగి తూకానికి వచ్చాక, వలలు లాగి, పట్టిన చేపని లారీకెక్కించే రోజు. ఇంటికి రంగు వెయ్యాలన్నా పట్టుబడి అవ్వాలి, మిక్సీ మార్చాలన్నా పట్టుబడి అవ్వాలి. ఈలోగా తొందరపడి వల వేస్తే చేప సన్నగా ఉంటుంది, నష్టం వస్తుంది. కాబట్టి ఓపిక పట్టాలి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఓపిక నాకూ ఒంటబట్టింది. నా పంటిని కూడా మేము చెరువులాగే చూశాం. తూకానికి వచ్చేదాకా ఆగుదామనుకున్నాం. ఇలాంటి బుద్ధి మాలాంటి చెరువుల వాళ్ళకి తప్ప ఇంకెవరికీ పుట్టదు.

కిందటేడు మాఘమాసంలో మా ఆడపడుచు కొడుకు శేఖర్ తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. ఇన్సూరెన్సు పాలసీలు చేయిస్తాడు. పిల్లాడు మంచివాడే. ఆసుపత్రి పాలసీ ఒకటి, దానిమీద కొంచెం ఎక్కువ కడితే పళ్ళకి కూడా వర్తించేది ఇంకొకటి, రెండూ కలిపి తీసుకోమన్నాడు.

"పళ్ళకి ఇన్సూరెన్సేంట్రా, విడ్డూరం కాకపోతే!" అన్నాను.

"ఇప్పుడలాగే అంటారత్తయ్యా. పన్ను పట్టుకుంటే తెలుస్తుందండీ డాక్టరు ఫీజు. తొమ్మిది నెలలు వెయిటింగ్ పీరియడ్. అది దాటాక రూట్ కెనాలూ, క్యాపూ అన్నీ వాళ్ళే ఇస్తారు."

గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న మా అత్తగారు, "అయితే నా పళ్ళకి కూడా చెయ్యరా" అంది.

"నీకు అసలు పళ్ళే లేవు కదే అమ్మమ్మా!"

అందరం పగలబడి నవ్వాం. ఆవిడా నవ్వింది. మా ఆయన డబ్బు కట్టారు. కార్తీకంలో వెయిటింగ్ పీరియడ్ పూర్తవుతుందని శేఖర్ చెప్పి, గారెలు తిని వెళ్ళిపోయాడు.

ఉగాదినాడు పచ్చడిలో మామిడిముక్క కొరికాను. ఎడమవైపు కింది దవడ చివర్న జివ్వుమంది. తలలోకి పాకింది. గ్లాసు కింద పెట్టేసి కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత తగ్గింది. లవంగం పెట్టుకున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. కుడివైపు నమలడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పేటంత గొప్ప జబ్బు కాదు కదా అని.

వైశాఖంలో తాడేపల్లిగూడెం మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడు మళ్ళీ లేచింది. ఈసారి చెవిలోకి కూడా పోటు. భోజనాల దగ్గర కూర్చోలేక లేచి వచ్చేశాను. అప్పుడు నేనూ మా ఆయనా పక్కవీధిలోని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చూసి, "లోపల పుచ్చిందమ్మా. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలబడుతుంది. వదిలేస్తే మాత్రం చీము పడుతుంది" అన్నారు. ఖర్చెంతవుతుందో కూడా చెప్పారు. తక్కువేం కాదు. కానీ మా దగ్గర లేని డబ్బూ కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

తిరిగి ఆడపడుచు ఇంటికొచ్చాక హాల్లో పంచాయితీ మొదలైంది. శేఖర్ కంగారుపడ్డాడు.

"అయ్యయ్యో, ఎందుకెళ్ళారత్తయ్యా? చీటీ మీద రాశారా ఏమన్నా? రాస్తే ముందునుంచీ ఉన్న జబ్బు అంటారండీ వాళ్ళు. ఇంక పైసా రాదు. కార్తీకం దాకా ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళకండి. అప్పుడు నేనే దగ్గరుండి తీసుకెళ్తా."

"నొప్పో మరి?" అన్నాను.

మా ఆయన ఆలోచించి, "మాత్రలున్నాయి కదే. కార్తీకంలో పెద్దచెరువు పట్టుబడి కూడా ఉంది. రెండూ కలిసొస్తాయి. కట్టిన డబ్బుకి న్యాయం జరగాలి కదా" అన్నారు.

కట్టిన డబ్బుకి న్యాయం! నా దవడకి న్యాయం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదనుకోండి. తల ఊపి ఊరుకున్నాను. అలా ఊపడం తప్పే, కానీ ఆ తప్పంతా నా ఒక్కదాని నెత్తిన రుద్దితే మాత్రం చస్తే ఒప్పుకోను. ఆ హాల్లో ఉన్న అందరం కలిసి చేసిన తెలివితక్కువ పని అది.

జ్యేష్ఠం అంతా మాత్రల మీద నెట్టుకొచ్చాను. నాకు తెలియని వైద్యం లేదు. పక్కింటి సూర్యకాంతం పొగాకు కాడ నొక్కిపెట్టమంది, పెట్టాను, కళ్ళు తిరిగి వాంతయింది. వెల్లుల్లి దంచి పెట్టాను, చిగురు కాలింది. మా అత్తగారైతే "పీకి పారెయ్యవే. నేను పీకించుకోలా? నీ అంత వయసుకి నాకు సగం పోయాయి. అన్నం తినడం మానేశానా?" అని రోజూ ఒకటే పాట. ఆవిడ అన్నం గుజ్జుగా పిసుక్కుని తింటుంది. చారులో నానబెట్టుకుని అప్పడం తింటుంది. ఆ పిసకడం రోజూ చూస్తూనే ఉన్నాను గాని, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆషాఢంలో మబ్బులు పట్టాయి. మబ్బు పట్టి గాలి ఆడకపోతే చెరువులో చేపకి ఊపిరందదు. పొద్దున్నే నీళ్ళమీదికి తేలి నోళ్ళు తెరుస్తుంది. ఓ రోజు అలాగే చేప తేలింది. నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటరు వేస్తే, దాని మోటారు కాలిపోయింది. మా ఆయన చొక్కా కూడా సరిగ్గా తొడుక్కోకుండా బండి తీశారు. కైకలూరు వెళ్ళారు, అక్కడ దొరక్కపోతే భీమవరం వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా కొత్త మోటారు తిరుగుతోంది. డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. బీరువాలోదే.

ఆ రోజు చెరువుగట్టు మీద దవడ పట్టుకుని నిలబడి ఆ మోటారు తిరగడం చూశాను. ఒళ్ళు మండిపోయింది నాకు. దానికి వెయిటింగ్ పీరియడ్ లేదు. పట్టుబడి దాకా ఆగమని దానికి ఎవరూ చెప్పలేదు. కాలిందని తెలిసిన పూటే కొత్తది వచ్చింది.

అన్నం పెడుతూ అడిగాను కూడా. "ఏవండీ, నేను కూడా నీళ్ళమీద తేలి నోరు తెరిస్తే తీసుకెళ్తారా డాక్టరు దగ్గరికి?"

"ఏం మాటలే అవి" అన్నారు. ముఖం చిన్నబుచ్చుకుని చెయ్యి కడిగేసుకున్నారు. నాకు జాలేసింది. ఆ జాలి వల్లే ఇంకో నెల పోయింది.

శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి నా ఎడమ చెంప బూరెలా ఉబ్బింది. అలాగే పూజ చేశాను. పేరంటాళ్ళకి పసుపు రాసి, శనగలూ తాంబూలమూ ఇచ్చాను. మంగళహారతి పాడబోతే నోరు తెరుచుకోలేదు. సూర్యకాంతం పాడింది. నేను చేసిన పూర్ణాలు ఊరంతా తింది, నేను తినలేదు.

మర్నాటికి వాపు చెంప నుంచి దవడ కిందికి దిగింది. గడ్డం కింద చెక్కలాగా గట్టిపడింది. నాలుక పైకి లేచిపోయింది. ఉమ్మి మింగలేను. మింగబోతే గొంతులో ఎవరో కాలుపెట్టి తొక్కినట్టు నొప్పి. నోటి చివరనుంచి చొంగ కారుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. వెనక్కి వాలితే ఊపిరాడటం లేదు. నాకు భయం వేసింది. నొప్పి భయం కాదు, చచ్చిపోతానన్న భయం. అది ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు పంటినొప్పి గురించి నాకు చెప్పకండి.

మా ఆయన నన్ను చూశారు. ఈసారి కార్తీకం అనలేదు. కారు మాట్లాడారు.

పైన వానలు. కొల్లేటి రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. బండ్లు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి. డ్రైవరు చుట్టూ తిరిగి పోదామా అన్నాడు. మా ఆయన "ఇటే పోనియ్యి బాబూ, ఇటే" అన్నారు. నేను ముందు సీటు వీపు పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాను. రోడ్డుకి అటూ ఇటూ ఒకటే నీరు. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి తీయలేదు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు నన్ను పట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడు కోపం కూడా రాలేదు, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను.

మా ఆయన ఫోను చేయడంతో ఏలూరు ఆసుపత్రి గేటు దగ్గరికి లావణ్యా, శేఖరూ ముందే వచ్చి ఉన్నారు. శేఖర్ చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే వాడి మొహం పాలిపోయింది.

లోపల వెయిటింగ్ హాలు కిటకిటలాడుతోంది. డాక్టరు థియేటర్లో ఉన్నారు, వచ్చేస్తారు అన్నారు. నా పక్కన కొల్లేటికోట నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. వాళ్ళాయనకి కాలు దెబ్బ. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. తన భుజం మీద తువాలు తీసి నా గడ్డం కింద పెట్టింది. అది తడిస్తే మడత మార్చింది. మధ్యమధ్యలో "వచ్చేత్తారమ్మా, వచ్చేత్తారు" అంటోంది. ఎవరో తెలియని మనిషి ఉమ్మి తుడవడం ఎంత గొప్ప సంగతో నాకు ఆ రోజు తెలిసింది. ఆవిడ పేరు అడగలేకపోయాను. ఆ తువాలు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

కౌంటరు దగ్గర అమ్మాయి తలెత్తకుండా అడిగింది. "ఇన్సూరెన్సా, క్యాషాండీ?"

మా ఆయన శేఖర్ వైపు చూశారు. శేఖర్ ఫోను వైపు చూశాడు. "మావయ్యా, అప్రూవల్‌కి పంపిస్తానండీ. కొంచెం టైం పడుతుంది. మరి ఇది పంటిదా, ఆసుపత్రిదా అని అడుగుతారేమో" అని నసిగాడు. నెలల తరబడి విన్న మాటలే, మళ్ళీ అక్కడే మొదలయ్యాయి.

నా నోరు పనిచెయ్యదు. చెయ్యి పనిచేస్తుంది. కుర్చీలోంచి లేచి కౌంటరు బల్ల మీద అరచేత్తో ఫెడీమని చరిచాను. హాలంతా తిరిగి చూసింది. మా ఆయన చొక్కా జేబు వైపు వేలు చూపించాను.

"క్యాషండీ" అన్నారు మా ఆయన. "క్యాష్. మొత్తం క్యాషే. ముందు చూడండమ్మా."

శేఖర్ అప్పటికే తన కార్డు తీసి బల్లమీద పెట్టేశాడు. అందుకే వాణ్ణి మంచివాడే అన్నాను.

తర్వాతది పెద్దగా చెప్పను. గడ్డం కింద కోసి చీము తీశారు. ఆ పన్ను పీకేశారు. గొట్టాలు పెట్టారు. మెలకువ వచ్చాక మొదట చేసిన పని గుండెల నిండా గాలి పీల్చుకోవడం. గాలి ఇంత రుచిగా ఉంటుందా అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే కుట్లు లాగాయి, ఆపేశాను.

వార్డు బయట వరండాలో లావణ్య వాళ్ళ నాన్నని కడిగేస్తోంది. నాకు వినబడుతూనే ఉంది.

"అమ్మ పన్ను మీకు ఫిక్స్‌డ్ డిపాజిట్టా నాన్నా, మెచ్యూరిటీ దాకా ఆగడానికి?"

"తెలియలేదమ్మా ఇంత అవుతుందని."

"మోటారు కాలితే తెలిసింది కదండీ!"

మా ఆయన లోపలికొచ్చి మంచం పక్కన నిలబడ్డారు. "తప్పయిపోయిందే" అన్నారు. నేను మాట్లాడలేను కదా. ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను. గోరు దిగినా చెయ్యి తీసుకోలేదు.

పిల్లల డాక్టరులా మెత్తగా మాట్లాడే ఓ పళ్ళ డాక్టరమ్మ రోజూ వచ్చి నోరు తెరిపించేది. మొదట పళ్ళ మధ్య ఒక్క ఐస్‌క్రీం పుల్ల కూడా దూరేది కాదు. రోజుకి ఒక పుల్ల చొప్పున పెంచుతూ వచ్చింది. "ఇంకొక్క పుల్లండీ, ఇంకొక్కటే" అని బతిమాలేది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, కానీ పుల్ల పెట్టించుకోకుండా ఒక్క రోజూ పంపలేదు. నా నోరు నేను తెరుచుకోవాల్సిందే అని పట్టుపట్టి కూర్చున్నాను.

కార్తీకం వచ్చింది. అందరూ ఎదురుచూసిన కార్తీకం. వెయిటింగ్ పీరియడ్ దాటింది, పెద్దచెరువు పట్టుబడి అయింది, ఇక్కడ పన్ను మాత్రం లేదు. దాని పక్క పన్ను కూడా పాడయిందని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి ఎవరినీ అడగలేదు. "ఇవాళే మొదలుపెట్టండమ్మా" అన్నాను. కౌంటరులో నేనే డబ్బు తీసి ఇచ్చాను. ఆ పన్ను క్యాప్ వేసుకుని నిక్షేపంగా ఉంది.

ఇక అందరూ నన్ను అడిగే ప్రశ్నకి వస్తాను. పళ్ళకి పాలసీ తీసుకోవడం మంచిదా, డబ్బు కట్టి చేయించుకోవడం మంచిదా? నాకు తెలిసింది చెబుతాను, అబద్ధం చెప్పను. ఆసుపత్రి ఖర్చు పాలసీలో చాలావరకు వచ్చింది. శేఖర్ తిరిగి తిరిగి రాబట్టాడు. కాబట్టి ఆ పాలసీ ఉండాల్సిందే, మానొద్దు. పళ్ళ కోసం వేరే కట్టినదానికి మాత్రం ఏమీ రాలేదు, క్యాప్‌కి కంపెనీ అనుమతి కోసం నేను ఆగలేదు కాబట్టి. పైగా దాన్ని కాపాడుకోవడానికి నేను నొప్పిని దాచుకున్నాను. అసలు కీడు అక్కడుంది. కొందరికి అది లాభంగానే ఉండొచ్చు. ఏటా పళ్ళు చూపించుకునేవాళ్ళూ, ఊళ్ళోనే కంపెనీ లిస్టులో డాక్టరున్నవాళ్ళూ లెక్క వేసుకుని తీసుకోండి. మా బోటి వాళ్ళకి పన్ను పుచ్చిన నాడే చేయించుకుంటే అయ్యే ఖర్చు ఏరేటరు మోటారు కన్నా తక్కువ. పాలసీ ఉన్నా సరే, నొప్పి వస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, చీటీ మీద రాస్తే రాయనివ్వండి.

మళ్ళీ మాఘం వచ్చింది. చిన్నచెరువు పట్టుబడి. తెల్లవారాక గట్టు మీదికి అందరం చేరాం. మా అత్తగారికి కుర్చీ వేశాం. రెన్యువల్ కాగితాలు పట్టుకుని శేఖర్ కూడా గట్టు మీదికే వచ్చాడు.

"అత్తయ్యా, ఇప్పుడు వదిలేస్తే మాత్రం నష్టమండీ. వెయిటింగ్ పీరియడ్ అంతా అయిపోయింది. ఇంక నుంచే లాభం. మళ్ళీ కొత్తగా తీసుకుంటే మొదటికొస్తుంది."

"ఆసుపత్రిది కట్టు. పళ్ళది కొట్టెయ్యి" అన్నాను.

"అది కాదండీ, కట్టింది వృథా అయిపోతుంది కదా..."

"నా గడ్డం కింద చూడరా" అని తల ఎత్తి చూపించాను. కోసిన చోట మచ్చ ఉంది. "కట్టింది వృథా కాకూడదని ఆగితే వచ్చింది ఇది. ఇంక నా నోటి విషయంలో ఎవరి గడువూ లేదు. కంపెనీదీ లేదు, చెరువుదీ లేదు, మీ మావయ్యదీ లేదు."

శేఖర్ కలం తీసి కాగితం మీద ఓ గీత కొట్టాడు. మా ఆయన నీళ్ళవైపు చూస్తున్నారు.

వల ఒడ్డుకొచ్చింది. మా ఇంట్లో పట్టుబడిలో మొదటి బుట్ట డబ్బు అమ్మవారికి తీస్తాం. అది మా మావగారి నాటి నుంచీ ఉన్న పద్ధతి. మొదటి బుట్ట పక్కన పెట్టారు. రెండో బుట్ట కాటా వైపు తీసుకెళ్తుంటే ఆపించాను.

"అది కూడా పక్కన పెట్టండి."

"ఇదెవరికే?" అన్నారు మా ఆయన.

"నా పళ్ళకి. ప్రతి పట్టుబడికీ రెండో బుట్ట ఇంట్లో వాళ్ళ పళ్ళకి. డబ్బు బీరువాలో విడిగా ఉంటుంది. నొప్పి వచ్చిన పూటే తీస్తాను, మిమ్మల్ని అడగను."

వల లాగేవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు. మా ఆయన నవ్వలేదు. వంగి, బుట్టని తనే ఎత్తి అమ్మవారి బుట్ట పక్కన పెట్టారు.

అప్పుడు వెనకనుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. చాలా మెల్లగా.

"ఏమే సత్యవతీ. ఆ డాక్టరమ్మ పళ్ళు కడుతుందా? పెట్టుడు పళ్ళు?"

తిరిగి చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. పాలసీ కోసం శేఖర్ మొదటిసారి వచ్చిన రోజు "నా పళ్ళకి కూడా చెయ్యరా" అన్న మాట గుర్తొచ్చింది. మేమంతా నవ్వాం. ఆవిడ పరాచికానికి అనలేదు. అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నారత్తయ్యా?" అన్నాను.

"మీ మావగారున్నప్పట్నుంచీ. పట్టుబడి అవ్వనీ అనేవారు."

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూసి తల దించేసుకున్నారు. నేను వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన కూలబడ్డాను.

"సోమవారం ఏలూరు వెళ్దాం. మనిద్దరమే. క్యాష్ పట్టుకెళ్దాం" అన్నాను. "పై వరుస కట్టిద్దామా, కింది వరుసా?"

ఆవిడ కొంగు వదిలేసి నిటారుగా కూర్చుంది.

"రెండూ కట్టించు" అంది. "చెరుకు నమలాలి నేను."